ప్రాజెక్టు మేనేజరు గారి గోల్ఫ్ బూట్లు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఒక నవంబరు మొదటి వారంలో, అంతకు ముందెన్నడూ రాని ఉత్తర్వు ఒకటి నాకు నోటిమాటగా వచ్చింది. అప్పుడు నేను ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో, గ్యాసు కర్మాగారాలకు పైపులైన్లు వేసే ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్స్ సూపరింటెండెంటును. హోదా పేరు పెద్దదే గాని పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. సైటులో పనిచేసే ప్రతి మనిషికీ తలకు హెల్మెట్టు, కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు అందేలా చూడడం. వీటన్నిటినీ కలిపి పీపీఈ అంటారు, అంటే ఒంటిని కాపాడే సామాను. అందులో నాకు పేరు తెచ్చింది బూట్లు. సుమారు రెండు వేల మంది పాదాల సైజులు నా రిజిస్టరులో ఉండేవి. కంపెనీలో ఎవరి కాలి కొలతైనా నన్నడిగితే చాలు అని నేనే అందరితోనూ చెప్పుకుంటూ ఉండేవాణ్ణి.

ఉత్తర్వు ఇచ్చింది ప్రాజెక్టు మేనేజరు ప్రభాకరరావు గారు. గుంటూరు మనిషి, యాభై ఆరేళ్లవాడు, గొంతు పెద్దది. నాకూ ఆయనకూ మధ్య ఇద్దరు అధికారులున్నారు. వాళ్లిద్దరినీ దాటి ఆయనే నేరుగా ఫోన్ చేశారంటే సైటులో ఏదో ప్రమాదం జరిగిందనుకుని లేచి నిలబడి మాట్లాడాను.

"ఏవండీ సూర్యనారాయణ గారూ, బూట్ల సంగతి మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదంటగా. నాకో జత గోల్ఫ్ బూట్లు చూసిపెట్టాలండీ. అడుగున మేకులుండకూడదు. తేలిగ్గా ఉండాలి. కోర్సంతా నడిచినా కాలు నొప్పెట్టకూడదు. ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి" అన్నారు.

మన మధ్యే ఉండనివ్వమన్న మాట అప్పటికే క్యాంపంతటికీ తెలుసునని ఆయనకు తెలియదు. ఆయన డ్రైవరు ఓబులేసు ముందువారమే ఆ కథ నాకు చెప్పాడు. ఓబులేసుది రాయచోటి దగ్గర పల్లె. పదకొండేళ్లుగా దోహాలో కారు నడుపుతున్నాడు. సామాను కోసం స్టోరుకు వచ్చినప్పుడల్లా ఒక టీ తాగి, ఒక వార్త చెప్పి వెళ్లేవాడు.

జరిగింది ఇది. మాకు పని అప్పగించే పెద్ద కంపెనీని, అంటే క్లయింటును, ఆ ఏడాది ఒక కొత్త డైరెక్టరు నడిపిస్తున్నాడు. స్కాట్లండ్ పెద్దమనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఆయనకు ఆఫీసు గదిలో మాట్లాడడం ఇష్టం ఉండదు. ఏదైనా చిక్కుముడి ఉంటే శుక్రవారం పొద్దున దోహాలోని గోల్ఫ్ కోర్సుకు రమ్మంటాడు. ఆటలో పద్ధెనిమిది గుంటలుంటాయి. ఒక్కో గుంటలో బంతి వేసి తరువాతి దాని దగ్గరకు వెళుతూ పోతే మొత్తం ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు తేలుతుంది. అందరూ చిన్న బ్యాటరీ బండి ఎక్కి తిరుగుతారు. ఈయన మాత్రం నడుస్తాడు. నడుస్తూనే మాట్లాడతాడు. పక్కన నడిచేవాడి మాటే ఆయన చెవిన పడుతుంది.

మాకు అప్పుడొక చిక్కుముడి ఉంది. పైపులైను తరువాతి భాగం మాకిస్తారా, ఇంకొకరికిస్తారా అన్నది తేలలేదు. అందుకని ప్రభాకరరావు గారు నాలుగు నెలలపాటు కోచింగుకు వెళ్లి గోల్ఫ్ నేర్చుకున్నారు. ఒక మాల్‌లో తెల్లగా మెరిసే తోలు బూట్లు కొన్నారు. అడుగున ముళ్లలాంటి బుడిపెలు, మరలతో బిగించినవి. వాటిని ఇంట్లో తివాచీ మీద వేసుకుని రోజూ అరగంట అటూ ఇటూ తిరిగేవారట. తివాచీ మీద బాగానే ఉన్నాయి.

కోర్సులో అయిదో గుంట దాకా ఆయన డైరెక్టరు పక్కనే నడిచారు. ఆరో గుంటకు రెండడుగులు వెనకబడ్డారు. తొమ్మిదో గుంట దగ్గర చెట్టు పట్టుకుని నిలబడ్డారు. మడమల మీద రెండు పొక్కులు లేచి చితికిపోయాయి. డైరెక్టరు చాలా మర్యాదగా, మీరు బండి ఎక్కండి అన్నాడట. ప్రభాకరరావు గారు బండిలో దూరంగా వస్తూ ఉంటే, ఆయన వదిలిన చోటులో ఇంకో కంపెనీ మనిషి వచ్చి చేరి, మిగిలిన తొమ్మిది గుంటలూ మాట్లాడుతూ నడిచాడు.

"మా సార్ కార్లో కూచోని బూట్లిప్పి ముందర డాష్‌బోర్డు మింద పెట్టినాడు సార్. దోహా దాటిందాకా వాటినే చూస్తా ఉండాడు." అని ఓబులేసు చెప్పి, నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

గోల్ఫ్ గురించి నాకు ఏమీ తెలియదు. ఇవి కంపెనీ సామాను కాదు, ఆయన సొంతానివి. కాబట్టి రిక్విజిషన్, అంటే ఫలానా సరుకు కావాలని రాసే పత్రం, వాడడానికి వీల్లేదు. అయితే రిక్విజిషన్ లేకుండా సరుకు ఎంచడం నాకు చేతకాదు. ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి అలాంటి పత్రమే ఒకటి తయారుచేసుకున్నాను. సరుకు: గోల్ఫ్ బూట్లు, ఒక జత. వాడే చోటు: గడ్డి, ఇసుక, గచ్చు. వాడే కాలం: నాలుగున్నర గంటలు. ప్రభాకరరావు గారు చదవకుండానే సంతకం పెట్టారు. పెద్ద అధికారుల దగ్గర కాగితం ఎప్పుడూ అంతే.

మొదటి పని కొలత. పాదం పొద్దున కంటే సాయంత్రం లావుగా ఉంటుంది. నిలబడితే పొడుగవుతుంది. రెండు పాదాలు సమానంగా ఉండేవాళ్లు అరుదు. అందుకని కొలత సాయంత్రం తీసుకోవాలి, నిలబెట్టి తీసుకోవాలి, రెండు కాళ్లకూ తీసుకోవాలి. ఏ మేజోళ్లు వేసుకుని నడుస్తారో వాటితోనే తీసుకోవాలి. డ్యూటీ అయ్యాక కొలపలక పట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

"కొలవడం ఎందుకండీ? నాది ఎనిమిది. ముప్పై ఏళ్లుగా ఎనిమిదే" అన్నారు.

కొలిచాను. ఎడమకాలు తొమ్మిది. కుడికాలు తొమ్మిదిన్నర. వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు మామూలు కంటే రెండు గీతలు ఎక్కువ. ఈ సంగతి చెబితే ఆయన ముఖం ఎలా మారిందంటే, నేనేదో హోదా తగ్గించే కాగితం చేతికిచ్చినట్లు మారింది. పలక పాతదేమో అన్నారు. ఇంకోసారి కొలవమన్నారు. కొలిచాను. తొమ్మిదిన్నరే. చివరికి, పెళ్లినాటి సైజు ఎనిమిదని, అప్పటినుంచీ ఆ నంబరే చెప్పి కొనుక్కుంటున్నానని ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ల పాటు ఇరుకు బూట్లలో నడిచి కూడా ఆయన అంత పెద్ద హోదాకు ఎలా ఎక్కారా అని నాకు ఆశ్చర్యం వేసింది.

ఆయన అంతలోనే నా కాళ్ల వైపు చూసి, "మీదెంత?" అని అడిగారు. తొమ్మిదిన్నర అన్నాను. నేను చేసిన పొరపాటు అదే. "ఇంకేం, మీరే వేసుకుని నడిచి చూడండి. మీకు పనికొస్తే నాకూ పనికొచ్చినట్టే. మూడు రకాలు కొందాం. మిగిలిన రెండు జతలూ మీరే ఉంచేసుకోండి" అన్నారు.

అలా యాభై ఎనిమిదేళ్ల వయసులో నేను గోల్ఫ్ కోర్సు మీద నడవవలసి వచ్చింది.

ఆ కోర్సులో గడ్డి చూసే సూపర్‌వైజరు ఖాజా భాయ్. బోధన్ నుంచి వచ్చినవాడు. మాకు ఒకే కిరాణా దుకాణంలో పరిచయం. ఎడారిలో గడ్డి పెంచడం తనకు దేవుడు పెట్టిన పరీక్ష అనేవాడు. ఆటగాళ్లు రాకముందు గడ్డి కోసే మనుషులతో పాటు అంచులవెంట నడవడానికి పైవాళ్లనడిగి నాకు అనుమతి ఇప్పించాడు. బూట్ల సంగతి అడిగితే ముందు నన్ను గుంట చుట్టూ ఉండే గడ్డి దగ్గరికి తీసుకుపోయాడు. దాన్ని గ్రీన్ అంటారు. మన ఇళ్లలో తివాచీ కూడా అంత నున్నగా ఉండదు.

"సూడు సాబ్, మీ పెద్ద సాబ్ గా ముళ్ల బూట్లతోని మొన్న గీడ కాలు ఈడ్సుకుంట నడ్సిండు. గీతలు వడ్డయి. గవ్వి నింపెతందుకు నాకు రెండు దినాలు వట్టింది" అన్నాడు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. "కొండలల్ల, బురదల ఆడెటోనికి ముళ్లు గావాలె. గీడ కొండ ఏడున్నది? బురద ఏడున్నది? కింద రబ్బరు బుడిపెలుంటె సాలు, జారదు. కారు దిగినకాడికెల్లి మల్ల కారెక్కేదాంక అవే ఏస్కొని నడ్వొచ్చు. గచ్చు మీద గూడ జారి పడరు. గని ఒక్క మాట యాదుంచుకో. పొద్దుగాల మంచు వడ్తది. రాత్రి మేం నీళ్లు గొడ్తం. గడ్డి తడితడిగుంటది."

మూడు జతలు తెచ్చాను. స్టోరులో నట్లూ బోల్టులూ తూచే కాటా మీద పెట్టాను. మూడూ మా సైటు బూట్లలో సగం బరువైనా లేవు. తరువాత ఒంచి చూశాను. మంచి బూటు వేళ్ల మొదళ్ల దగ్గరే వంగాలి. నడిమికి విరిగినట్లు వంగితే పాదం ఒంపుకు ఆనిక ఉండదు. రెండు చేతులతో బట్ట పిండినట్లు మెలితిప్పితే కొంచెం ఎదురు తిరగాలి. మడమ చుట్టూ ఉండే గోడ బొటనవేలితో నొక్కితే లొంగకూడదు. వేసుకుని నిలబడ్డాక పొడుగాటి వేలికి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. దిగుడు దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది గనుక ఆ ఖాళీ అవసరం. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. కొత్తగా చేరిన స్టోర్‌కీపర్లకు శిక్షణ ఇచ్చిందీ నేనే.

మూడు శుక్రవారాలు, వారానికొక జత. పరీక్ష పరీక్షలాగే ఉండాలి గనుక ప్రభాకరరావు గారి గోల్ఫ్ సంచీని చక్రాల బండి మీద పెట్టి నేనే లాక్కుంటూ నడిచాను. కారులో కూర్చుంటే తోచడం లేదని ఓబులేసు కూడా చెప్పులు వేసుకుని నా వెంట వచ్చేవాడు. ప్రతి మూడు గుంటలకూ ఆగి చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. మడమ లేస్తున్నదా, వేళ్లు తగులుతున్నాయా, లోపల తడి ఉందా, వేడి ఉందా.

మొదటి జత అన్నిటికంటే తేలిక. పైన జల్లెడ లాంటి బట్ట. నాలుగో గుంటకే మంచు నీళ్లు లోపలికి వచ్చాయి. ఏడో గుంట దగ్గర ఇసుక పల్లంలో అడుగు వేస్తే ఇసుక కూడా వచ్చింది. తడీ ఇసుకా కలిస్తే బూటు లోపల ఏమవుతుందో ఇల్లు కట్టించుకున్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. రెండో జత మెత్తన. ఎంత మెత్తనంటే పదో గుంట దాటాక పరుపు మీద నడుస్తున్నట్లు మోకాళ్లు తూలడం మొదలైంది. షాపులో రెండడుగులు వేసి ఆహా అనిపించే బూట్లన్నీ ఇలాంటివే. ఆ రోజు మేము బయలుదేరడం ఆలస్యమై, వెనకనుంచి ఎవరో పెద్దగా అరిచారు. అది బంతి వస్తోంది తప్పుకోండి అని చెప్పే కేక అట. నాకు తెలియక, ఎవరో పలకరించారనుకుని వెనక్కి తిరిగి చేయి ఊపాను. ఓబులేసు నా భుజం పట్టి కిందకి వంచాడు. బంతి ఎక్కడ పడిందో చూడలేదు.

మూడో జత పైభాగం పలుచని, నీరు తాగని తోలుబట్ట. లేసుల కింద ఉండే నాలుక రెండు పక్కలా బూటుకే కుట్టి ఉంది, అందువల్ల ఇసుక రాదు. అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలు. ముందు భాగం వెడల్పు. కొంచెం గట్టిదనం ఉంది. పద్ధెనిమిదో గుంట దగ్గర నిలబడి చూసుకుంటే నా కాళ్లు నావిగానే ఉన్నాయి. పుస్తకంలో 'ఆమోదం' అని రాసి సంతకం పెట్టి తేదీ వేశాను. చాలా తృప్తిగా ఉంది. ఒక సరుకును ఇంత శాస్త్రీయంగా ఎంచినవాడు ఖతర్‌లో ఇంకొకడు ఉండడని ఓబులేసుతో అన్నాను కూడా.

అతను బండి చక్రానికి అంటిన గడ్డి దులిపాడు.

"సార్, ఒక మాట అడగొచ్చునా? తప్పుగా అనుకోవద్దండి" అన్నాడు. "మా బామ్మర్ది రెడ్డయ్య మీ పైపు గ్యాంగులోనే ఉండాడు. వానికి మీరిచ్చిన బూట్లు గూడా ఇట్లనే ఎవురన్నా ఏసుకోని నడిచి చూసినారా?"

నేను జవాబు చెప్పాను. ఆ బూట్లకు ప్రయోగశాల సర్టిఫికెట్టు ఉంటుందని, ఎంత బరువు పైనపడినా వేళ్లు నలగకుండా ముందు ఇనుప టోపీ ఉంటుందని, నూనెకు జారని అడుగు ఉంటుందని, వీటన్నిటికీ నంబర్లుంటాయని చెప్పాను. అతను అన్నీ విన్నాడు.

"అది సరే సార్. ఏసుకోని ఎవురు చూసినారు?"

ఎవరూ చూడలేదు అన్నాను. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సంచీని కారులో పెట్టి అల్ ఖోర్‌లోని మా బసకు బయలుదేరాం.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. సైటు బూట్లలో రెండు తరగతులుండేవి. సూపర్‌వైజర్లూ ఇంజనీర్లూ మొదలైనవాళ్లకు స్టాఫ్ రకం. వాటిలో ఇనుప టోపీకి బదులు తేలికైన గట్టి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. కార్మికులకు ఇంకో రకం, ఇనుప టోపీతో. నేను స్టాఫ్‌ను. పద్ధెనిమిదేళ్లలో నేను కొన్ని వేల జతల కార్మికుల బూట్లకు ఆమోదం సంతకం పెట్టాను. ఒక్క జతా నా కాలికి వేసుకోలేదు. నెలనెలా నేను పంపే నివేదికలో 'బూట్ల మీద ఫిర్యాదులు' అని ఒక గడి ఉంటుంది. ఎదురుగా 'లేవు' అని ఉంటుంది. ఆ గడి నాకు చాలా ఇష్టం.

ఆదివారం తెల్లవారుజామున స్టోరు తెరిచి, కార్మికుల రకం, తొమ్మిదిన్నర సైజు ఒక జత తీసి, సరుకు తీసుకున్నట్లు రాసే ఇష్యూ కార్డు మీద నా పేరే రాసి వేసుకున్నాను. క్యాంపు బస్సులు వచ్చే చోట నిలబడి పైపు గ్యాంగుతో కలిసి సైటు లోపలికి నడిచాను. రెడ్డయ్యను గుర్తుపట్టడం కష్టం కాలేదు. నలభై ఏళ్ల మనిషి, గ్యాంగులో అందరికంటే మెల్లగా నడుస్తున్నాడు.

నన్ను కిందినుంచి పైకి చూసి, "ఏం సార్, మీరు గూడా ఈ బూట్లే ఏసుకొచ్చినారా?" అన్నాడు. "సాయంత్రం దాకా ఉంటారా, మధ్యాన్నమే పోతారా?"

సాయంత్రం దాకా ఉంటానన్నాను. పక్కనున్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకరు పందెం వేసి ఉంటారని నా అనుమానం.

ఎనిమిదింటికి బాగానే ఉంది. తొమ్మిదింటికి కుడి చిటికెనవేలు ఇనుప టోపీ అంచుకు తగలడం మొదలైంది. నిచ్చెన ఎక్కేటప్పుడు అడుగు వంగలేదు. బూటు వంగకపోతే మడమ లేస్తుంది, మడమ లేస్తే ఒరుసుకుంటుంది. ఇది నేను శిక్షణ తరగతిలో చెప్పే మూడో పాఠం. పదిన్నరకు ఫోర్‌మన్ వెనకనుంచి యల్లా, యల్లా అని తొందరపెడుతూ వచ్చి, నన్ను చూసి సలాం కొట్టి దారి మార్చుకున్నాడు. పదకొండింటికి నేను ఒక పైపు మీద కూర్చున్నాను. రెడ్డయ్య పక్కన కూర్చుని తన బూటు విప్పి చూపించాడు. నాలుకను బ్లేడుతో సగానికి కోశాడు. లోపల మడమ దగ్గర పాత తువ్వాలు ముక్క మడిచి పెట్టాడు. చిటికెనవేలికి గుడ్డపీలిక చుట్టాడు. గ్యాంగులో పన్నెండు మందికి గాను తొమ్మిది మంది ఏదో ఒక మరమ్మతు చేసుకునే ఉన్నారు. కోసిన బూటు కాపాడదు, నిబంధన ప్రకారం దాన్ని వేసుకోనివ్వకూడదు. ఆ నిబంధన రాసింది నేనే.

మరి ఫిర్యాదు ఎందుకు చేయలేదని అడిగాను.

"ఫారం ఇంగ్లీషులో ఉంటాది సార్. ఫోర్‌మన్ చేతికియ్యాల. ఆయనేమో మాఫీ, మాఫీ, ఏమీ లేదు, పనికి పో అంటాడు. బూట్లకోసం ఎవురు కొట్లాడతారు? రెండు నెల్లకు కాలు గట్టిపడతాది" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. వాతావరణం గురించి చెప్పినట్లు చెప్పాడు.

సాయంత్రం దాకా ఉన్నాను. ఎలా ఉన్నానో చెప్పుకోవడం అనవసరం. బస్సు దాకా రెడ్డయ్య నా హెల్మెట్టు పట్టుకుని వచ్చాడు.

తరువాతి శుక్రవారం ప్రభాకరరావు గారు మూడో రకం బూట్లు వేసుకుని మళ్లీ డైరెక్టరుతో ఆటకు వెళ్లారు. ఆ ఆట గురించి ఖాజా భాయ్ చెప్పిందే నాకు ఆధారం. మా సారు తొమ్మిది బంతులు పోగొట్టారు, అందులో మూడు నీళ్లలో పడ్డాయి. కాని పద్ధెనిమిది గుంటలూ డైరెక్టరు భుజం పక్కనే నడిచారు. పద్నాలుగో గుంట దగ్గర ఇద్దరూ ఆట ఆపేసి పావుగంట నిలబడి మాట్లాడుకున్నారు. వచ్చే వారం రెండు కంపెనీల ఇంజనీర్లూ కలిసి పని చూసి నిర్ణయిద్దామని డైరెక్టరు ఒప్పుకున్నాడు. చివరికి ఆ భాగం మాకే వచ్చింది. బూట్ల వల్లే వచ్చిందని నేను అనను. ప్రభాకరరావు గారు మాత్రం రెండు నెలలు అలాగే అన్నారు.

ఆట సంతోషం చల్లారకముందే, మర్నాడు శనివారం పొద్దున ఒక కాగితం తీసుకుని ఆయన గదికి వెళ్లాను. ఇకమీదట ఏ రకం సైటు బూటైనా కొనేముందు, ఆ పని చేసే కార్మికులే పది మంది, పది రోజులు వేసుకుని డ్యూటీ చేయాలి, దీన్నే వేర్ ట్రయల్ అంటారు. వాళ్ల మాట వాళ్ల భాషలోనే రాసుకోవాలి. అది చూశాకే నా సంతకం. కాగితంలో ఉన్నది అంతే.

ఆయన చదివారు. ఈసారి చదివారు. "ఏవండీ, రెండు వేల జతలకి ఇదంతా ఎక్కడ కుదురుతుందండీ? సర్టిఫికెట్లున్నాయిగా. కొత్తలో కాస్త కరుస్తాయి, తర్వాత అలవాటైపోతుంది. మాఫీ ముష్కిల్, ఏం ఇబ్బంది లేదు" అన్నారు.

ఆ రోజు ఆయనకు పైపు వంతెన దగ్గర తనిఖీ ఉంది. నా సంచీలోంచి కార్మికుల రకం బూట్లు తీసి ఆయన బల్ల పక్కన పెట్టాను. "తొమ్మిదిన్నర సార్. తనిఖీకి ఇవి వేసుకుని వెళ్లండి. వచ్చాక సంతకం సంగతి చూద్దాం" అన్నాను. ఎన్నడూ పై అధికారితో అలా మాట్లాడినవాణ్ణి కాదు. ఆయన ఎదుటి కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఆదివారం నొప్పి ఇంకా పోలేదు కూడా.

ఆయన నన్నూ బూట్లనూ మార్చి మార్చి చూశారు. కోపం వస్తుందేమో అనుకున్నాను. "నా మీదే వేర్ ట్రయలా?" అని నవ్వి వేసుకున్నారు.

రెండు గంటల తరువాత తిరిగివచ్చి కుర్చీలో కూర్చుని, ముందు లేసులు విప్పి, బూట్లు తీసి, మేజోళ్లు కూడా తీసి, అప్పుడు కాగితం అడిగారు. సంతకం పెడుతూ, "ఇవి వేసుకుని వీళ్లు పదిగంటలు ఎలా చేస్తున్నారండీ?" అని అడిగారు. కోసుకుని, గుడ్డలు చుట్టుకుని చేస్తున్నారని చెప్పాను.

పని ఆ మర్నాడే చక్కబడిపోయిందనుకోవద్దు. స్టోరులో ఉన్న పాత సరుకు అయిపోయేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ వాళ్లు పాతవే వేసుకున్నారు. నేను చేయగలిగింది వెడల్పు పాదాలవాళ్లకు ఒక సైజు పెంచి, లోపలికి దళసరి అట్ట ఇవ్వడమే. ట్రయలుకు వచ్చిన మొదటి రెండు రకాలను గ్యాంగు తిప్పికొట్టింది. మూడోది నిలబడింది, ముందు భాగం వెడల్పుగా, తేలికైన టోపీతో. రెడ్డయ్యకు కొత్త జత మూడో విడతలో అందింది. ఓబులేసు స్టోరుకు వచ్చి ఆ వార్త చెప్పి, టీ తాగి వెళ్లాడు.

ఫిర్యాదు ఫారాన్ని తెలుగుతో సహా అయిదు భాషల్లోకి మార్చి, ఫోర్‌మన్ చేతిలోంచి తీసి భోజనశాల గోడకు పెట్టె కట్టించాను. మొదటి నెలలోనే అరవైకి పైగా వచ్చాయి. పద్ధెనిమిదేళ్లు 'లేవు' అన్న గడిలో ఒక్కసారిగా అంత అంకె కనబడేసరికి దోహా ఆఫీసు నుంచి నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. మీ విభాగం పనితీరు హఠాత్తుగా ఎందుకు దిగజారింది అని. ఇప్పుడే తెలుస్తోంది అని ఒక వాక్యం రాసి పంపాను. దాని మీద తిరుగు ఉత్తరం రాలేదు. ఆ ఏడాది నాకు రావలసిన గ్రేడు పెంపు కూడా రాలేదు.

గోల్ఫ్ బూట్లు కావాలని ఇప్పటికీ ఎవరైనా అడుగుతారు. సాయంత్రం రెండు కాళ్లూ కొలిపించుకోండి, పాత నంబరు నమ్మకండి, మేకులు లేనివి తీసుకోండి, బరువు తగ్గితే చాలదు మడమ కదలకూడదు, షాపులో పది నిమిషాలు కాక గడ్డి మీద గంట నడిచి చూడండి అని చెబుతాను. సైటు బూట్లకు కూడా ఇంతకు మించి నియమాలు లేవు. నాకు అవి ముందునుంచీ తెలుసు. ఒక పెద్ద అధికారి మడమలకు పొక్కులు లేచేదాకా వాటిని అందరికీ వర్తింపజేయాలని తోచలేదు. ఆ తరువాత రెండేళ్లు, విరమణ రోజు దాకా, ఒక పూర్తి షిఫ్టు నా కాలికి వేసుకుని నడవకుండా ఏ బూటు నమూనాకూ సంతకం పెట్టలేదు. మొత్తం ఏడు రకాలు వచ్చాయి. వాటిలో నాలుగింటిని మధ్యాహ్నం భోజనానికి ముందే తిప్పి పంపాను.